కొరమీను ఉండే తావు

పులివెందుల,
జులై 2

ఇస్మాయిల్ మామూకు,
మీ మసరత్ సలాం చెప్పి రాసేది.

ఫోన్లుండే కాలంలో ఈ జాబేందని నవ్వుకోవద్దు మామూ. మా ఇంట్లో గోడకు ఇవతల నేను, అవతల మా ఆయన రహీం. ఏం మాట్లాడినా వినపడుతుంది. మీది చూస్తే బటన్ ఫోను, చెరువు కట్ట కింద దానికి సిగ్నలే దొరకదు. అందుకే బడిలో పాఠం లేని గంటలో కూర్చుని రాస్తున్నా. మీరూ బడి అడ్రసుకే రాయండి, ఇంటికి వద్దు.

రహీం మార్చిలో కువైట్ నుంచి వచ్చినాడు కదా. కాంట్రాక్టు అయిపోయిందని అందరికీ చెప్పినా. అది అబద్ధం. ఇంకా పద్నాలుగు నెలలు ఉండగానే వచ్చేసినాడు. ఎందుకో నాకే చెప్పలేదు. పదకొండేండ్లు క్రేన్ నడిపిన మనిషి ఇప్పుడు స్కూటర్ తాళం కూడా ముట్టడు. కువైట్ సిమ్ము విరిచి కాలవలో వేసినాడు, మళ్ళీ ఫోనే తీసుకోలేదు. జుమ్మా నమాజుకు పోడు. ఆస్మా వచ్చి ఏమైనా అడిగితే దాని తల నిమురుతాడు, అంతే. తొమ్మిదేండ్ల పిల్ల, అది కూడా అడగడం మానేసింది.

మొన్న చేపలామె బేసిన్లో బతికున్న కొరమీన్లు తెచ్చింది. ఈయన వచ్చి పక్కన గొంతుక్కూర్చుని అరగంట చూసినాడు. ఒకటి పైకి లేచి, నోరు తెరిచి గుటక వేసి, మళ్ళీ కిందికి పోయింది. "ఇది గాలి పీలుస్తాందే" అన్నాడు. నాలుగు రోజుల్లో ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది మామూ.

మీరు ముప్పై ఏండ్లు ఆ చెరువుకు లస్కరుగా ఉండి తూము గేట్లు తిప్పినవారు. నాచులో చేప యాడుందో మీకు తెలిసినట్లు ఎవరికీ తెలియదు. "మోకాలు నొప్పి, నీళ్ళలో దిగలేకపోతున్నా, కొన్ని దినాలు తోడు రా" అని ఆయనకు ఒక జాబు రాయండి. నేను పంపినట్లు తెలియకూడదు.

ఇంకొక మాట ఉంది. అది కాగితం మీద పెట్టలేను.

మీ
మసరత్


జమ్మలమడుగు,
జులై 12

మసరతూ,

నీ మొగుడు వచ్చి చేరినాడు. మోకాలి నొప్పని అబద్ధం రాయమంటివి. అబద్ధం యాడుందిలే, నిజంగానే నొస్తాంది.

బస్సు దిగి సంచి పట్టుకోని నిలబడినాడు. "బాగుండావా రహీమా" అంటే తలూపినాడు. "తింటివా" అంటే తలూపినాడు. సరే, నేను కూడా తలతోనే మాట్లాడ్తా అనుకుంటి. ఒక పూట మాట్లాడ్తి. మెడ నొప్పి లేచి ఇడ్సిపెడ్తి.

మొదటి నాలుగు దినాలు గాలం చేతికియ్యలేదు. పొద్దున్నే టీ తాగి కట్ట మీద కూచోవల్ల, నీళ్ళు చూడల్ల, అంతే పని. పోయిన ఏడు నిండిన చెరువు, ఇప్పుడు సగానికి దిగి నాచు కమ్ముకోనింది. ఒక మూల గుర్రపుడెక్క, ఒక మూల తూటికాడ, నడుమ తామరాకు, తుంగ. కొత్తగా చూసేటోనికి అంతా ఒకటే పచ్చ. "ఇంత నాచులో చేప యాడని ఎతకాల?" అన్నాడు ఐదో దినం. వచ్చినాక వాడు నన్ను అడిగిన మొదటి మాట. నేను కుశాలపడి, బయటికి మాత్రం కసురుకుంటి. "నాచులో ఎతకొద్దురా, నాచు అంచున ఎతుకు" అని.

తిండి బాగా తింటాండాడు. నిద్ర మాత్రం తక్కువే. నీవు రాయలేనంటివే ఆ మాటేందో నేను అడగను. నీకు తోచినప్పుడు రాయి.

ఇస్మాయిల్


పులివెందుల,
జులై 18

మామూ,

మీ జాబు స్టాఫ్ రూములో చదివి నవ్వితే సైన్సు టీచరు సుమ "ఏంది మేడం, లాటరీ తగిలిందా" అనింది. నేను నవ్వి ఎన్ని నెలలైందో ఆ మాటతో గుర్తుకొచ్చింది.

ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు పూర్తిగా రాయండి. చేప నాచు అంచునే ఎందుకుంటుంది? మనిషి నాకు దూరంగా ఉన్నాడు. ఆయన నేర్చుకునేది నేనూ నేర్చుకుంటా.

మసరత్


జమ్మలమడుగు,
జులై 25

మసరతూ,

పాఠం చెప్పమంటివి కాబట్టి విను టీచరమ్మా.

తూటికాడ దట్టంగా ఉండే తావున కింద బురద. కుళ్ళు వాసన వస్తాది, బుడగలు లేస్తాయి. కొత్తోళ్ళు ఆ బుడగలు చూసి చేప అనుకోని దినమంతా ఆడనే కూచుంటారు. గట్టి మొరం నేల మీద లేచిన నాచు వేరే. సన్నంగా, లేతగా ఉంటాది. దాని అంచున నీళ్ళు ఒక్కసారి నల్లగా లోతుకు దిగుతాయే, ఆడ నిలబడ్తాది కొరమీను. వెనక నాచు నీడ, ముందర తిరిగే చిన్న చేపలు. నాచు నడుమ జల్లెడంత సందున్నా చాలు దానికి. ఎంత దాక్కున్నా గాలి కోసరం ఒకసారి పైకి రావల్ల కదా. ఆ సందు కనిపెట్టినోడే చేపను పట్టేది.

నాలుగు దినాల కింద నీ మొగుడు నాకంటే ముందే చూసినాడు. "మామూ, ఆ తుంగ కొనకాడ ఆకు కదిలింది, గాలి లేదు" అన్నాడు. గాలానికి కప్పను కట్టి ఆకు మీద వేసి, మెల్లిగా సందులోకి జారవిడిస్తి. దబ్ అని కొట్టింది! గాలం కట్టె వాని చేతికిచ్చినా. లాగినాడు. అది నాచులోకి దూరి దారం తెంపుకోని పాయె. నేను తిట్టుకుంటాంటే "పోనీలే మామూ, బతకనీ" అన్నాడు. నోరు కొంచెం పక్కకు లాగినట్లైంది. నవ్వే అనుకుంటా.

మూడు దినాల నుంచి నాకు మోకాలు వాచి లేవలేకుండా ఉండా. వాడొక్కడే అవతలి గట్టుకు పోతాండాడు. పొద్దున పోతే పదకొండు దాటినాక వస్తాడు. గాలం కూడా తీసుకపోడు. పోనీ, ఒంటరిగా నీళ్ళ ముందర కూచుంటే మనిషికి మంచిదే.

ఇస్మాయిల్


పులివెందుల,
జులై 28

మామూ,

ఆయన్ను ఒంటరిగా నీళ్ళకాడికి పంపొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటా. పంపొద్దు.

మీ జాబు నిన్న సాయంత్రం అందింది. అప్పటి నుంచి మీ ఫోనుకు చేస్తూనే ఉన్నా, కలవడం లేదు. ఆస్మాకు డెంగీ జ్వరం, ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతోంది, వదిలి రాలేను. మా బడి క్లర్కు శ్రీధర్ సార్ పొద్దున బస్సుకు జమ్మలమడుగు వస్తున్నారు, ఆయన చేతికి ఇస్తున్నా.

ఆ రోజు రాయలేనన్న మాట ఇదే. జూన్‌లో మా బావగారి చీనీ తోటలో పాత బావి అంచున నిలబడి ఉన్నాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టినాడు. నేను పేరు పెట్టి పిలిచినా. వెనక్కి తిరిగి చూసి, చెప్పులు వేసుకుని వచ్చేసినాడు. ఆయనా ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ఎవరికైనా చెబితే నిజమైపోతుందేమోనని ఎవరికీ చెప్పలేదు.

మీకు కూడా చెప్పకుండా చెరువు పక్కకు పంపించినా. ఎంత తప్పు చేసినానో మీ జాబు చదివినాక తెలిసింది.

మసరత్


జమ్మలమడుగు,
జులై 28, మధ్యాహ్నం

మసరత్,

ముందు ఈ ముక్క చదువు. బతికుండాడు. బాగుండాడు. నా ముందర కూచోని ఎర్రగడ్డలు కోస్తాండాడు.

ఇప్పుడు నన్ను తిట్టనీ. ఇట్లాంటి మాట దాచిపెట్టి మనిషిని నీళ్ళకాడికి పంపిస్తావా? నీకు చదువు చెప్పినోళ్ళను అనల్ల. శ్రీధర్ సార్ వచ్చి కవరు ఇచ్చేసరికి పదిన్నర. వాడు పొద్దున్నే పోయినాడు. నీ జాబు చదివి ఎట్ల లేస్తినో, కట్ట ఎట్ల ఎక్కితినో నాకు తెలీదు. సార్ నా చెయ్యి పట్టుకోని పరిగెత్తినాడు పాపం.

అవతలి గట్టున చెప్పులుండాయి. వాటి మీద తువ్వాల మడిచిపెట్టుంది. మనిషి లేడు. మసరతూ, నా డెబ్బై ఏండ్లలో అంత భయం ఎప్పుడూ పడలేదు.

"రహీమా!" అని అరిస్తి. తుంగ వెనకాల తల కనపడింది. నడుం లోతు నీళ్ళలో కదలకుండా నిలబడినాడు. నన్ను చూసి వేలు నోటి మీద పెట్టుకున్నాడు. "అరవొద్దు మామూ, పిల్లలుండాయి" అన్నాడు.

చూస్తే వాని ముందర నీళ్ళు ఎర్రగా ఉండాయి. కొరమీను పిల్లలు. వానలు పడితే ఈ కాలంలో పెడ్తాయి, వేలిగోరంత ఉంటాయి, కుంకుమ చల్లినట్లు ఒక్క గుంపుగా తిరుగుతాయి. అన్నీ ఒకసారి పైకి వచ్చి గాలి పీల్చి కిందికి పోతాంటే చినుకులు పడినట్లు నీళ్ళు కదుల్తాండాయి. ఇన్ని దినాలుగా వాడు పోయేది వాటిని చూడ్డానికి.

నేను గట్టు మీద కూలబడి ఏడిస్తి. వాడు మోకాలి నొప్పనుకోని ఎత్తుకోని తెచ్చినాడు.

శ్రీధర్ సార్ బస్సుకు తొందరపడ్తాండాడు. తక్కింది మళ్ళీ రాస్తా. బిడ్డను చూసుకో. ఈడ నేనుండా.

ఇస్మాయిల్


జమ్మలమడుగు,
ఆగస్టు 1

బిడ్డా,

ఆస్మాకు జ్వరం దిగిందని శ్రీధర్ సార్ మనిషితో చెప్పి పంపినాడు. దేవుడు చల్లగా చూసినాడు. మొన్న శానా కోపంగా రాస్తి, మనసులో పెట్టుకోవద్దు.

ఆ పొద్దు అన్నం తిన్నాక వాన్ని సూటిగానే అడిగినా. "చీనీ తోటలో బావికాడ ఎందుకు నిలబడ్తివిరా?" దాచలేదు. "సచ్చిపోదామని" అన్నాడు. అంత మాట బయటికొచ్చినాక, తక్కింది ఆగలేదు.

ఆ చేపపిల్లల గుంపు కింద తల్లో తండ్రో ఒక చేప కాపలా ఉంటాది. వాడు మొదటి దినం తెలీక దగ్గరికి పోతే అది వచ్చి వాని మోకాలికి గుద్దిందంట. "రెండు కిలోలు కూడా లేదు మామూ. ఇంత మనిషిని చూసి కూడా పారిపోలే. నేను పారిపోయినా" అన్నాడు.

చాపాడు పిల్లోడు నయీం అని, ఇరవై ఆరేండ్లవాడు. వీసా ఇప్పించి కువైట్ తీసుకపోయింది మన రహీమే. ఫిబ్రవరిలో పెద్ద పైపులు ఎత్తుతాంటే గొలుసు తెగింది. పాత గొలుసు, మార్చమని రెండు తూర్లు చెప్పినాడంట, ఎవరూ ఇనలేదు. పైపు పోయి నయీం కాళ్ళ మీద పడింది. రహీం క్రేన్ దిగి వచ్చి, చూసి, పరిగెత్తినాడు. సాయం కోసరం కాదు. ఊరికే పరిగెత్తినాడు. గేటు దాటి, రోడ్డు దాటి, ఇసకలో పోయి కూచున్నాడు. పొద్దు వాలినాక వస్తే నయీం లేడు, రక్తం కడిగేసినారు. అంబులెన్సులో మొహం మీద గుడ్డ కప్పి తీసుకపోయినారని ఎవరో అనుకుంటాంటే ఇన్నాడు.

"సచ్చిపోయినాడని నీకు ఎవరు చెప్పినారు?" అంటి.

"ఎవరూ చెప్పలే. నేను అడగలే."

ఐదు నెలలు మసరతూ! అడగడానికి భయపడి ఐదు నెలలు ఆ పిల్లోన్ని నెత్తిన మోసినాడు. చాపాడు అని బోర్డున్న బస్సు కనపడ్తే కండ్లు మూసుకుంటాడంట.

బిడ్డ నడిచేటట్లైనాక నీవు చాపాడు పో. వాళ్ళమ్మ పేరు హజరాబీ. ఏ మాటైనా సరే, ఉన్నదున్నట్లు రాయి. నేను వానికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఒంటరిగా మాత్రం ఇడ్సిపెట్టను. అవతలి గట్టుకు పోతే నేనూ పోతా, మోకాలు ఏమైనా కానీ.

ఇస్మాయిల్


ప్రొద్దుటూరు,
ఆగస్టు 9

మామూ,

అక్షరాలు సరిగా లేకపోతే సర్దుకోండి. బస్టాండు ఎదురుగా హోటల్లో కూర్చుని రాస్తున్నా.

పొద్దున చాపాడు పోయినా. మసీదు సందులో రెండో ఇల్లు. హజరాబీ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. "నయీం ఇల్లు ఇదేనా అమ్మా?" అన్నా.

"ఇదే. వాడు లేడు" అనింది.

మామూ, నేను ఆ గోడకు ఆనుకోకపోతే పడిపోయేదాన్ని. "లేడంటే?" అని ఎట్లా అడిగినానో.

"ప్రొద్దుటూరు పాయె. కాలికి కసరత్తు చేయిస్తారంట ఆడ, వారానికి మూడు తూర్లు. ఏమ్మా, అట్లైపోతివి? నీళ్ళు తాగు" అని చెంబు తెచ్చింది. నేను నీళ్ళు తాగుతూ ఏడుస్తుంటే, ఎవరో ఏందో అడగకుండా వీపు నిమిరింది.

తర్వాత ప్రొద్దుటూరు వచ్చి నయీంను చూసినా. బతికున్నాడు మామూ. కుడి కాలు బాగుంది. ఎడమ కాల్లో కడ్డీ వేసినారు, కర్ర పట్టుకుని నడుస్తాడు. రంజానుకు ఇంటికి రాలేకపోయినాడంట, మేలో వచ్చినాడు. నేను ఎవరో చెబితే మొహం గట్టిపడింది.

"రహీం భాయ్ బాగున్నాడా?" అన్నాడు.

"లేడు. నువ్వు చనిపోయినావనుకుని ఐదు నెలలుగా చచ్చి బతుకుతున్నాడు" అన్నా.

నోరు తెరుచుకుని చూసినాడు. "నేను సచ్చిపోయినాననా?" అని గట్టిగా నవ్వినాడు. నవ్వు మధ్యలోనే కండ్లలో నీళ్ళు తిరిగినాయి. తర్వాత ఇట్లా అన్నాడు, ఒక్క మాట మార్చకుండా రాస్తున్నా.

"పరిగెత్తింది చూసినా భాభీ. దానికి కోపం లేదు. ఆ పొద్దు నేనైనా పరిగెత్తింటా. రెండు నెలలు ఆస్పత్రి మంచం మీద పడుకోని తలుపు కల్లా చూసినా. తలుపు తెరిస్తే రహీం భాయ్ అనుకుంటి. రాలేదు. నాకు కోపం దానికే. ఆ కోపం ఆయన ముందరనే తీర్చుకోవల్ల, నీ మీద కాదు. పంపించు ఆయన్ని."

ఇదీ ఉన్నదున్నట్లు. నయీం ఫోను నంబరు కాగితం వెనక రాసినా. మీరు ఎట్లా చెబుతారో చెప్పండి. నా వల్ల కాదు, ఫోన్లో చెబితే ఏడుపు తప్ప ఏమీ రాదు.

మసరత్


జమ్మలమడుగు,
ఆగస్టు 13

మసరతూ,

చెప్పినా. ఎట్ల చెప్పల్లో తెలీక నీ జాబే వాని చేతిలో పెడ్తి. గడప మీద కూచోని చదివినాడు. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివినాడు. తర్వాత జాబు మడిచి జేబులో పెట్టుకోని, బొక్కెన తీసుకోని బోరింగుకాడికి పోయి, నా ఇంట్లో ఉండే బిందెలన్నీ నింపినాడు. నిండినవి కుమ్మరించి మళ్ళీ నింపినాడు. నేను అడ్డం పోలేదు. మూడోసారి నింపినాక బోరింగు పట్టుకోని ఏడ్చినాడు, చిన్నపిల్లోని మాదిరి, గట్టిగా. పక్కింటోళ్ళు వస్తే "ఏం లేదులే, మంచి సుద్దే వచ్చింది" అని పంపించేస్తి.

ఆ దినం మధ్యాహ్నం పడుకుంటే మర్సనాడు పొద్దున్నే లేచినాడు.

లేచి, "చాపాడు పోవల్ల మామూ, ఉత్త చేతుల్తో ఎట్ల పోయేది?" అన్నాడు. పిల్లలుండే తావు కల్లా పోలేదు, దాని ఎదురుగా మొరం గట్టుకు పోతిమి. లేత నాచు అంచు, నల్లగా దిగే నీళ్ళు. సందు వాడే ఎంచినాడు, కప్పను వాడే కట్టినాడు. రెండు గంటలు ఏమీ లేదు. నేను బీడీ ముట్టించుకుంటాంటే తామరాకు ఎగిరింది. ఈసారి వాడు తొందరపడలేదు. అది మింగేదాకా ఆగి, ఒక్క లాగు లాగి, నాచులోకి తిరక్కుండా నీళ్ళ మీదనే ఈడ్చుకోని వచ్చినాడు. మూడు కిలోలుంటాది, నల్లగా నిగనిగలాడ్తాంది. తడిగుడ్డలో చుట్టి బుట్టలో పెట్టుకున్నాడు.

బస్టాండులో చాపాడు బోర్డు చూసి ఆగినాడు. "కొడ్తాడేమో మామూ" అన్నాడు. "కొడితే తినరా" అని ఎక్కించి వస్తి. కండ్లు మూసుకోలేదు, కిటికీలోంచి నన్నే చూస్తా పోయినాడు.

తోడు వస్తానంటి, వద్దన్నాడు. బస్టాండు నుంచి నయీంకు ముందే ఫోను చేసి చెప్పినా. దిగే తావున వాని మనిషి ఉంటాడు. నీవు దిగులు పెట్టుకోవద్దు.

ఇస్మాయిల్


చాపాడు,
ఆగస్టు 17

మసరత్,

నీవు మామూకు రాసినవి, మామూ నీకు రాసినవి, అన్నీ మామూ చెప్పినాడు; ఇద్దరూ నా గురించే రాసుకున్నారు. కోపం లేదు. నేను కూడా ఒకటి రాయల్ల అనిపించింది. ఫోన్లో అయితే మధ్యలో ఆగిపోతా.

నయీం గడపలో నిలబడుండాడు. నన్ను చూసి "ఆడనే నిలబడు, కదలొద్దు" అన్నాడు. కర్ర పట్టుకోని వాకిలంతా దాటి వచ్చినాడు. పదిహేను అడుగులుంటాయి. ఎడమ కాలు ప్రతిసారీ ఎత్తి, పెట్టి, ఎత్తి, పెట్టి. నేను పోయి పట్టుకోవల్ల అనుకుంటి గానీ కదలొద్దన్నాడు కదా, నిలబడి చూస్తి. నా ముందరికి వచ్చి చెంప మీద గట్టిగా కొట్టినాడు. కొట్టిన ఊపుకు కర్ర జారి పడబోయి నా భుజమే పట్టుకున్నాడు. అట్ల పట్టుకోని ఇడ్సలేదు. ఇద్దరం వాకిట్లో నిలబడి ఏడుస్తాంటే వాళ్ళమ్మ వచ్చి, "లోపలికి రాండి, వీధిలో అందరూ చూస్తాండారు. ఆ బుట్టలో ఏందది, కదుల్తాంది?" అని అరిచింది.

రెండు దినాలు అనుకుని వస్తే నాలుగు దినాలైంది. నిన్న నయీంను కసరత్తుకు తీసుకపోయింది నేనే, వాళ్ళ చిన్నాయన స్కూటర్ మీద. శానా దినాలకు బండి ముడ్తి. మొదట నడిచే మనిషికంటే మెల్లిగా పోనిస్తి, పెద్ద రోడ్డు ఎక్కినాక సర్దుకుంటి. ప్రొద్దుటూరులోనే మనసు డాక్టరు ఒకాయన ఉంటే నయీం బలవంతంగా కూచోబెట్టినాడు. అంతా చెప్పినా, బావి సంగతి కూడా. మాత్రలు ఇచ్చినాడు, నెలకొకసారి రమ్మన్నాడు. పోతా.

ఆ పొద్దు బావికాడ నీవు పిలిచినప్పుడు నీ గొంతులో భయం తెలిసింది. తెలిసి కూడా నీతో ఏమీ చెప్పలేకపోయినా. అప్పటి నుంచి నన్ను ఒక్కన్నే ఇంట్లో ఉంచడానికి నీవు ఎంత భయపడ్తాండావో కూడా చూసినా. మాట మాట్లాడకపోయినా అన్నీ చూస్తానే ఉంటి మసరత్.

ఈ జాబు నీకు ఎల్లుండికి అందుతాది. ఆ మర్సనాడు పొద్దున బస్సుకు బయలుదేర్తా. నా కోసరం బడికి సెలవు పెట్టొద్దు. పక్కింటోళ్ళను కూడా చూడమని చెప్పొద్దు. తాళంచెవి వాళ్ళ దగ్గర పెట్టి పో. నేనే తలుపు తీసుకోని, వంట చేసి పెట్టి, నాలుగున్నరకు ఆస్మా బడి గేటుకాడ నిలబడుంటా. దానికి ముందుగా చెప్పొద్దు.

రహీం